బెల్లం కలిపినా గేదె కొత్త దాణా ముట్టడం లేదు: రుచిని నేర్పేది పేగు

తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో రెండు ముర్రా గేదెలు. ఇన్నాళ్ళూ తవుడు, పత్తిచెక్క, కాస్త మొక్కజొన్న పిండి పెట్టేవారు. పాలు పెరుగుతాయని ఎవరో చెబితే బస్తా దాణా తెచ్చి, పాతది పూర్తిగా ఆపేసి, మొదటి రోజు నుంచే పూటకు రెండు కిలోల చొప్పున పెట్టారు. రెండు రోజులు రెండు గేదెలూ ఆత్రంగా తిన్నాయి. మూడో రోజు పాలిచ్చే గేదెకు నట్టల మందు అదే దాణాలో కలిపి పెట్టారు. రెండోది చూడిది కాబట్టి దానికి మందు వేయలేదు. నాలుగో రోజు నుంచి పాలిచ్చేది దాణా వాసన చూసి మూతి తిప్పేసుకుంటోంది. బెల్లం నీళ్ళు చల్లినా అంతే. చూడిది సగం తిని వదిలేస్తోంది. "రుచి బాగాలేకపోతే మొదటి రెండు రోజులు ఎందుకు తిన్నాయి సార్? షాపు ఆయన దాణాలో కలిపే ఫ్లేవర్ పొడి కొనమంటున్నాడు. కొనాలా?" అని ఆయన ప్రశ్న.

పొడి ఇప్పుడు కొనకండి తమ్ముడూ. మొదటి రెండు రోజులు తిన్నాయంటే నోటికి నచ్చిందనే అర్థం. నాలుగో రోజుకు ఆ దాణా వాసన, రుచి మారిపోలేదు. తిన్న తర్వాత గేదెకు లోపల ఏదో తేడా చేసింది, ఆ తేడాను దాని శరీరం ఆ వాసనకు ముడివేసి గుర్తుపెట్టుకుంది. ఇక ఆ వాసన తగిలితే చాలు, వెనక్కి తగ్గుతుంది. ఇలాంటప్పుడు పైన ఎంత తీపి చల్లినా లాభం ఉండదు.

అయితే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఈ పూటే పాలిచ్చే గేదెకు పాత తవుడు, పత్తిచెక్క కొంచెం పెట్టి చూడండి. దాన్ని ఆబగా తిని, కొత్త దాణాను మాత్రం వదిలేస్తే నేను కింద రాసేదంతా మీకు వర్తిస్తుంది. పాత దాణా కూడా ముట్టకుండా వట్టి గడ్డి మాత్రమే తింటుంటే, అందులోనూ అది ఈని రెండు నెలలు కూడా కాకపోతే, ఒంట్లో శక్తి చాలక వచ్చే కీటోసిస్ అనే జబ్బు అయి ఉండొచ్చు. నెమరు వేయకపోయినా, జ్వరం ఉన్నా, పేడ మరీ పలచగా పుల్లటి వాసనతో పడుతున్నా ఇది చదువుతూ కూర్చోకుండా ఊళ్ళో పశువుల డాక్టరును పిలవండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.

నేను గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేసి రిటైర్ అయ్యాను. మేత మానేసిన పశువును తీసుకొచ్చే రైతుల్లో ఎక్కువమంది నోటి గురించే అడుగుతారు. నాలుక మీద పుండ్లు ఉన్నాయా, పళ్ళు అరిగాయా, నోరు చేదుగా ఉందా అని. నోరు చూడాల్సిందే. కానీ ఏ మేత ఇష్టం, ఏది అయిష్టం అన్న తీర్పు చాలావరకు పొట్టలో, పేగుల్లో జరుగుతుంది. దీని మీద గత డెబ్బై ఏళ్ళలో చాలా మంచి పరిశోధన జరిగింది. అది తెలిస్తే మీరు దాణా మార్చే పద్ధతే మారిపోతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదట అయిష్టం సంగతి. 1955లో అమెరికాలో జాన్ గార్షియా, ఆయన తోటి పరిశోధకులు ఎలుకలు సాకరిన్ కలిపిన తియ్యటి నీళ్ళు తాగే సమయంలో వాటికి రేడియేషన్ తగిలేలా చేశారు. రేడియేషన్ వల్ల ఒంట్లో వికారం పుడుతుంది. ఎలుకకు తీపి పుట్టుకతోనే ఇష్టం. అయినా తర్వాత ఆ ఎలుకలు తియ్యటి నీళ్ళకు దూరంగా ఉన్నాయి. 1966లో గార్షియా, కోయెలింగ్ ఇంకాస్త లోతుకు వెళ్ళారు. ఎలుక నీళ్ళు తాగేటప్పుడు రుచితో పాటు వెలుగు, చప్పుడు కూడా ఉండేలా ఏర్పాటు చేశారు. తర్వాత కొన్నిటికి ఒంట్లో బాగోకుండా చేశారు, కొన్నిటికి కరెంటు షాక్ ఇచ్చారు. ఒంట్లో బాగోలేనివి ఆ రుచిని మానేశాయి, వెలుగునూ చప్పుడునూ అసలు పట్టించుకోలేదు. షాక్ తగిలినవి వెలుగుకూ చప్పుడుకూ జంకాయి, రుచిని మాత్రం తప్పుపట్టలేదు. అంటే పొట్టలో తేడా వస్తే తిన్నదాన్నే అనుమానించడం జంతువు మెదడుకు పుట్టుకతో వచ్చిన అమరిక. ఇంకో విశేషం ఏమిటంటే, తిన్న కొన్ని గంటల తర్వాత వికారం మొదలైనా ఈ ముడి పడుతుంది, చాలాసార్లు ఒక్క అనుభవంతోనే. వాంతులు పట్టుకున్న రోజు తిన్న కూరను ఏళ్ళ తరబడి ముట్టని మనుషులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు కదా, అదే ఇది.

డెల్టా రైతులకు ఇది చేలో తెలిసిన విషయమే. వరిలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టేముందు ఒకటి రెండు రోజులు విషం లేకుండా నూకలు, నూనె కలిపి పెట్టమని చెబుతారు. ఎలుక కొత్త పదార్థం కనబడితే మొదట కొంచెమే కొరికి చూస్తుంది. విషపు ఎరను అలా కొంచెం తిని, కొన్ని గంటల్లో కడుపులో బాధ మొదలై, చావకుండా బయటపడిందంటే ఇక ఆ ఎర జోలికి రాదు. అందుకే జింక్ ఫాస్ఫైడ్‌ను వెంటనే రెండోసారి పెడితే పెద్దగా పనిచేయదు. బ్రోమాడియోలోన్ అలా కాదు. అది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు, దాని ప్రభావం బయటపడడానికి రోజులు పడుతుంది. అప్పటి బాధను ఎలుక ఎరకు ముడివేయలేదు, అందుకే అనుమానం లేకుండా మళ్ళీ మళ్ళీ తింటుంది. చేలో ఎలుక చేసే లెక్కే మీ గాడి దగ్గర గేదె కూడా చేస్తోంది.

ఇంతవరకు చాలామందికి ఎంతోకొంత తెలుసు. తక్కువమందికి తెలిసింది రెండో వైపు. పేగు ఇష్టాన్ని కూడా ఇలాగే నేర్పుతుంది. నాకు ఈ వైపు మీదే మక్కువ, ఎందుకంటే పాడి రైతుకు అక్కరకొచ్చేది ఇదే.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీలో ఆంథోనీ స్క్లఫానీ దశాబ్దాల పాటు ఈ పనే చేశారు. ఆయన పద్ధతి ఇలా ఉంటుంది. ఎలుక పొట్టలోకి సన్నని గొట్టం అమరుస్తారు. ఒక రోజు ఒక పండు వాసన ఉన్న నీళ్ళు ఇస్తారు. ఎలుక వాటిని తాగుతున్నంతసేపూ గొట్టం గుండా పిండి పదార్థం కరిగించిన నీళ్ళు నేరుగా పొట్టలోకి వెళ్తుంటాయి. మర్నాడు వేరే పండు వాసన నీళ్ళు ఇస్తారు, అప్పుడు గొట్టంలో వెళ్ళేవి ఉత్త నీళ్ళే. రెండు రోజుల్లోనూ నోటికి తగిలే పోషకం ఏమీ లేదు. ఇలా కొన్ని రోజులు చేశాక రెండు సీసాలూ పక్కపక్కన పెడితే, ఎలుక తాగేదాంట్లో తొంభై శాతానికి పైగా పిండితో జతపడిన వాసన నీళ్ళే. ఆ తర్వాత గొట్టంలో పిండి పంపడం ఆపేసినా ఆ ఇష్టం చాలా రోజులు చెరగలేదు.

దీనికి ఇంకో గట్టి రుజువు 2008లో వచ్చింది. ఇవాన్ డి అరౌజో బృందం తీపిని గ్రహించే శక్తి పుట్టుకతోనే లేని చిట్టెలుకలను తీసుకుంది. పంచదార నీళ్ళూ మామూలు నీళ్ళూ వాటి నాలుకకు ఒకటే. కానీ కొన్ని రోజులు రెండూ తాగనిచ్చాక, అవి పంచదార సీసా ఉన్న వైపే వెళ్ళడం నేర్చుకున్నాయి. తృప్తికీ మళ్ళీ కావాలనిపించడానికీ సంబంధించిన డోపమిన్ అనే రసాయనం వాటి మెదడులో కూడా పెరిగింది. తీపి ఉండి పోషకం లేని సుక్రలోజ్ మాత్రం వాటిలో ఆ పని చేయలేకపోయింది.

మామూలు చిట్టెలుకల్లో కూడా ఇది కళ్ళముందే కనిపిస్తుంది. గ్లూకోజు నీళ్ళు ఒక సీసాలో, కృత్రిమ తీపి కలిపిన నీళ్ళు ఇంకో సీసాలో పెడితే మొదట రెండింటినీ దాదాపు సమానంగా తాగుతాయి. రెండు రోజులు గడిచేసరికి దాదాపు మొత్తం గ్లూకోజు వైపే. నాలుకకు రెండూ తీపే కాబట్టి, ఈ మార్పు నాలుక వల్ల వచ్చింది కాదు. 2020లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని చార్ల్స్ జూకర్ బృందం ఆ దారిని చూపించింది. చిన్నపేగు గోడలో గ్లూకోజును లోపలికి లాక్కునే ఒక ప్రోటీను ఉంది, పేరు ఎస్‌జీఎల్‌టీ1. గ్లూకోజు వచ్చిందన్న కబురు దాని ద్వారా మొదలై, పొట్టను మెదడుతో కలిపే వేగస్ నరం మీదుగా మెదడు కాండానికి చేరుతుంది. ఆ దారిని మూసేస్తే చిట్టెలుకలకు గ్లూకోజు మీద ప్రత్యేకమైన ఇష్టం పుట్టలేదు. 2022లో అదే బృందం కొవ్వుకు కూడా ఇలాంటి దారి ఉందని, దానికి పేగులో జీపీఆర్40, జీపీఆర్120 అనే వేరే గ్రాహకాలు ఉన్నాయని చూపించింది.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది ఒకటుంది. గ్లూకోజును పోలి ఉండి, శరీరం వాడుకోలేని ఒక పదార్థం ఉంది. దాన్నుంచి శక్తి ఏమీ రాదు, కానీ ఎస్‌జీఎల్‌టీ1 దాన్ని గ్లూకోజు లాగే పట్టుకుంటుంది. స్క్లఫానీ బృందం దాన్ని చిట్టెలుకల పొట్టలోకి పంపితే, దానితో జతపడిన వాసనను అవి ఇష్టపడడం నేర్చుకున్నాయి. ఫ్రక్టోజు దీనికి తిరగబడి ఉంది. దాంట్లో కెలోరీలు నిండుగా ఉన్నా ఆ ప్రోటీను గుండా వెళ్ళదు, పొట్టలోకి పంపితే ఇష్టం సరిగా పుట్టలేదు. ఎంత బలం వచ్చిందన్న లెక్క కంటే, ఫలానా పదార్థం ఫలానా చోటికి వచ్చిందా లేదా అన్నదే పేగు ముందుగా గుర్తుపడుతోందన్న మాట. చోటుకు కూడా విలువ ఉంది. గ్లూకోజును చిన్నపేగు మొదటి భాగంలోకి, నడిమి భాగంలోకి పంపితే ఎలుకలు నేర్చుకున్నాయి, చివరి భాగంలోకి పంపితే నేర్చుకోలేదు.

ఈ కబురు ఎంత వేగంగా వెళ్తుందో 2018లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డియేగో బోర్కెజ్ బృందం చూపించింది. పేగు గోడలోని కొన్ని కణాలు వేగస్ నరంతో నేరుగా కలిసి ఉన్నాయి, మిల్లీ సెకన్లలో కబురు పంపుతాయి. అంతకుముందు అంతా హార్మోన్లు రక్తంలో కలిసి నెమ్మదిగా మెదడుకు చేరడం ఒక్కటే ముఖ్యమైన దారి అనుకునేవాళ్ళు. అలాగని వేగస్ ఒక్కటే దారి కూడా కాదు. స్క్లఫానీ చేసిన వేరే ప్రయోగంలో వేగస్ కొమ్మలు కోసేసిన ఎలుకలు సైతం పిండి పదార్థంతో వాసన ఇష్టాన్ని నేర్చుకోగలిగాయి.

సరే, ఇవన్నీ ఎలుకల సంగతులు. గేదె పొట్ట వేరు. గేదె తిన్న పిండిని, తీపిని రూమెన్ అనే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులే చాలావరకు పులియబెట్టేస్తాయి. ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలుగా మారి అక్కడి గోడ నుంచే రక్తంలోకి వెళ్తాయి. చిన్నపేగు దాకా గ్లూకోజుగా చేరేది కొంచెమే. మరి నెమరువేసే జంతువు దేన్ని బట్టి నేర్చుకుంటుంది? దీనికి జవాబు యూటా స్టేట్ యూనివర్సిటీలో ఫ్రెడ్ ప్రొవెంజా, హువాన్ విల్లాల్బా గొర్రెల మీద చేసిన పనిలో దొరుకుతుంది.

వాళ్ళు గొర్రెపిల్లలకు వాసన కలిపిన గోధుమ గడ్డి పెట్టారు. ఒక వాసన గడ్డి తిన్నప్పుడు రూమెన్‌లోకి కొద్దిగా ప్రొపియొనేట్ పంపారు, ఇంకో వాసన గడ్డి తిన్నప్పుడు పంపలేదు. గోధుమ గడ్డి మన వరిగడ్డి లాగే సారం తక్కువైన మేత. అయినా ప్రొపియొనేట్‌తో జతపడిన వాసన గడ్డినే పిల్లలు ఎక్కువగా తిన్నాయి. పిండి పదార్థంతో చేసినా అదే ఫలితం. తర్వాత మాంసకృత్తుల వైపు చూశారు, యూరియాతోనూ, పాలలో ఉండే కేసీన్‌తోనూ. తక్కువ మోతాదులో ఇస్తే ఆ వాసన మీద ఇష్టం పుట్టింది. మోతాదు పెంచితే అదే పదార్థం అయిష్టం పుట్టించింది.

ఈ చివరి వాక్యం మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం, అందుకే ఇక్కడ కాస్త ఆగుతున్నాను. మేత మంచిదా చెడ్డదా అన్నది బస్తా మీద రాసిన ప్రోటీన్ శాతంతో తేలదు. ఎంత, ఎంత వేగంగా, ఎలాంటి పొట్టలోకి వెళ్ళిందన్నదాన్ని బట్టి తేలుతుంది. మీరు తెచ్చిన దాణా చాలా మంచిదే అయి ఉండొచ్చు. కానీ తవుడుకూ పత్తిచెక్కకూ అలవాటుపడిన రూమెన్‌లోకి ఒక్కరోజులో నాలుగు కిలోల కొత్త దాణా దిగింది. అందులో మొలాసిస్ ఉంటుంది, తొందరగా పులిసే గింజల పిండి ఉంటుంది, కొన్ని దాణాల్లో కొద్దిగా యూరియా కూడా ఉంటుంది, బస్తా మీద చూడండి. దాన్ని అరిగించే సూక్ష్మజీవులు సరిపడా పెరగడానికి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా పొట్టలో పులుపు పెరుగుతుంది. ప్రొవెంజా బృందం గింజలు ఎక్కువగా తినిపించిన గొర్రెల ముందు సోడియం బైకార్బొనేట్ కలిపిన నీళ్ళు కూడా పెట్టి చూసింది, అవి వెతుక్కుని మరీ వాటినే ఎక్కువ తాగాయి. పొట్టలో పులుపు జంతువుకు తెలుస్తుంది, దేనితో తగ్గుతుందో కూడా నేర్చుకుంటుంది.

మీ చూడి గేదె సగం తిని వదిలేయడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. అది దాణాను అసహ్యించుకోవడం లేదు. తన పొట్ట తట్టుకోగలిగినంత తిని ఆపేస్తోంది. దాన్ని నేను తెలివైన పనే అంటాను.

పాలిచ్చే గేదెకు ఈ భారంతో పాటు నట్టల మందు కూడా తోడైంది. మందు చేదు ఒకటి, దాని తర్వాత ఒంట్లో వచ్చే నలత ఒకటి. అది తిన్నవాటిలో కొత్తది ఏది? ఆ దాణా ఒక్కటే. గొర్రెపిల్లల మీద బర్రిట్, ప్రొవెంజా చేసిన ప్రయోగంలో, తెలిసిన మేతనూ కొత్త మేతనూ కలిపి తిన్న తర్వాత నలత చేస్తే పిల్లలు కొత్తదాన్నే తప్పుపట్టాయి. మీ గేదె కూడా గడ్డిని వదల్లేదు, నీళ్ళను వదల్లేదు, కొత్త వాసననే వదిలేసింది.

"మందు వల్ల అని గేదెకు ఎలా తెలుస్తుంది, అది ఆలోచిస్తుందా?" అని చాలామంది అడుగుతారు. తెలియనక్కర్లేదు, ఆలోచించనూ అక్కర్లేదు. ప్రొవెంజా, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. గొర్రెలకు మేత పెట్టి, తర్వాత మత్తుమందు ఇచ్చి పూర్తిగా స్పృహ లేకుండా చేశారు. ఆ మత్తులో ఉండగానే వికారం పుట్టించే లిథియం క్లోరైడ్‌ను రూమెన్‌లోకి పంపారు. గొర్రెలకు వికారం అనుభవంలోకే రాలేదు. అయినా మెలకువ వచ్చాక రోజులు గడిచినా ఆ మేతను మానేశాయి. మొండితనం, గారాబం అని మనం అనుకునేవాటిలో చాలావరకు ఇదే ఉంటుంది. దయచేసి అలాంటి పశువును కొట్టకండి, ఆకలితో మాడ్చి తినిపించాలని చూడకండి.

మంచి వైపు ఉదాహరణ మన దగ్గరే ఉంది. యూరియాతో మాగబెట్టిన వరిగడ్డి చేసినవాళ్ళకు తెలుసు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్ళలో కరిగించి చల్లి, గాలి తగలకుండా మూడు వారాలు కప్పి ఉంచుతాం. తీసేటప్పుడు అమ్మోనియా ఘాటుకు కళ్ళు మండుతాయి. ఆరబెట్టి వేసినా మొదటి రోజుల్లో పశువులు వాసన చూసి పక్కకు జరుగుతాయి. మామూలు గడ్డిలో కొంచెం కొంచెం కలుపుతూ పోతే వారం పది రోజుల్లో తినడం మొదలుపెడతాయి, ఆ తర్వాత మామూలు గడ్డి కన్నా దీన్నే ముందు లాక్కుంటాయి. ఘాటు ఏమీ తగ్గలేదు. గడ్డి బాగా అరిగి, రూమెన్‌కు కావాల్సిన నత్రజని అంది, ఆ ఘాటే వాటికి మంచి మేత గుర్తు అయింది. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం ఇది వేయకూడదు.

ఇక మీరు చేయాల్సింది.

కొత్త దాణాను పాలిచ్చే గేదెకు పది రోజులు పూర్తిగా ఆపండి. గాడిని, కుడితి తొట్టిని బాగా కడగండి, ఆ వాసన మిగలకూడదు. పాత తవుడు, పత్తిచెక్కకు తిరిగి వెళ్ళండి. పాలు కాస్త తగ్గితే తగ్గనివ్వండి. ఈలోపు బస్తాలో చెయ్యి లోపలిదాకా పెట్టి అడుగు దాణా తీసి చూడండి. బూజు వాసన ఉన్నా, ఉండలు కట్టినా, తవుడు ముక్కిన వాసన వచ్చినా ఆ బస్తా వెనక్కి ఇచ్చేయండి. అది పశువు చేస్తున్న ఫిర్యాదు సరైనదే అని రుజువు.

బస్తా బాగుంటే పదకొండో రోజు నుంచి పాత దాణాలో ఒక గుప్పెడు కొత్తది బాగా కలపండి, వంద గ్రాములకు మించకుండా. పాలు పితికే ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు పెట్టండి. రెండు రోజులు వదలకుండా తింటే ఇంకో గుప్పెడు పెంచండి. అలా మూడు వారాలకు సగం సగం దాకా రండి. తొందర పడొద్దు. ప్రతి గుప్పెడూ పొట్టలోకి వెళ్ళి ఏ బాధా లేకుండా అరిగినప్పుడు ఆ వాసన మీద అనుమానం కొంత చెరుగుతుంది. ఒక గుప్పెడు కలిపినందుకే పాత దాణాను కూడా వదిలేస్తుంటే అక్కడితో ఆపేయండి. బలవంతంగా కొనసాగిస్తే అది పాత దాణాను కూడా అనుమానించడం మొదలుపెడుతుంది, అప్పుడు మీ చేతిలో ఏమీ మిగలదు. అలాంటి గేదెకు వేరే వాసన ఉన్న వేరే దాణాను ఇదే పద్ధతిలో మొదలుపెట్టడం మేలు.

చూడి గేదెకు ఆపనక్కర్లేదు. పూటకు అర కిలోకు తగ్గించి, మిగతాది పాతది పెట్టి, రెండు వారాల్లో మెల్లగా పెంచండి.

నట్టల మందు ఇంకెప్పుడూ మీరు తినిపించాలనుకునే దాణాలో కలపకండి. బిళ్ళ అయితే సంకటి ముద్దలో పెట్టి విడిగా ఇవ్వండి. నీళ్ళ మందు అయితే తెలిసినవాళ్ళ చేత పట్టించండి. తల మరీ పైకెత్తి, నాలుక లాగి పట్టుకుని పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది.

బెల్లం గురించి. మొదటి ముద్ద నోట్లో పెట్టించడానికి బెల్లం పనికొస్తుంది, ఆ తర్వాత ఆ మేతను ఇష్టపడేలా చేయాల్సింది పొట్టే. మీ గేదె చిన్నప్పటి నుంచి బెల్లం ఎరిగినదైతే పెద్ద ముప్పు లేదు. బెల్లాన్ని మొదటిసారి ఈ దాణాతోనే చూస్తుంటే మాత్రం, బెల్లం వాసన కూడా ఆ నలతలో భాగం అయిపోతుంది. రేపు ఏదైనా అవసరానికి బెల్లం వాడదామంటే దానికీ మూతి తిప్పేస్తుంది. గార్షియా ఎలుకలు తీపినే మానేశాయని పైన రాశాను కదా.

ఫ్లేవర్ పొడి ఊరికే పనికిరాదని నేను అనను, దాన్ని వాడే పద్ధతి ఒకటుంది. పొడిని ముందు పాత దాణాలో, అంటే పశువు బాగా తిని బాగా అరిగించుకుంటున్న దాణాలో, రెండు వారాలు కలపాలి. ఆ వాసనకు మంచి పేరు వచ్చాక, అదే పొడిని కొత్త దాణాలో కలిపి కొంచెం కొంచెంగా మొదలుపెట్టాలి. పశువుకు తెలిసిన వాసన ముందు నడుస్తుంది కాబట్టి కొత్త అన్న జంకు తగ్గుతుంది. ఇప్పటికే తప్పుపట్టిన దాణా మీద పొడి చల్లితే డబ్బు వృథా. షాపు ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ క్రమం తిరగబడింది.

మీ చూడి గేదె ఈనాక దూడ విషయంలో ఒక పని చేయండి. దూడ రెండు మూడు వారాల వయసు నుంచి తల్లి దాణా తినేటప్పుడు పక్కనే ఉండి, తల్లి గాడిలోంచి నాలుగు పలుకులు కొరికేలా చూడండి. ఆస్ట్రేలియాలో 1984లో వచ్చిన ఒక అధ్యయనంలో, తల్లుల పక్కన కొద్ది రోజులు గోధుమలు తిన్న గొర్రెపిల్లలు దాదాపు మూడేళ్ళ తర్వాత మళ్ళీ గోధుమలు వేస్తే వెంటనే తిన్నాయి. ఆ అనుభవం లేనివి చాలా నెమ్మదిగా అలవాటు పడ్డాయి. తల్లి తింటున్నదాన్ని తిని, అది తన పొట్టలో కూడా కుదురుకుంటే ఆ జ్ఞాపకం గట్టిగా నిలుస్తుంది. మీ ఇంట్లో రాబోయే ఏళ్ళలో ఏయే మేతలు వాడే అవకాశం ఉందో, తవుడు, పత్తిచెక్క, వేరుశనగ చెక్క, సూపర్ నేపియర్, బస్తా దాణా, అన్నీ ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి నాలుగైదు రోజుల ఎడం ఇస్తూ దూడకు రుచి చూపించండి. ఒకేసారి రెండు కొత్తవి పెట్టొద్దు. విరేచనాలు పట్టుకున్న రోజుల్లో, మందు తాగించిన రోజుల్లో కొత్త మేత ఏదీ మొదలుపెట్టొద్దు.

పాత దాణా పరీక్షలో ఏం తేలిందో, బస్తా అడుగున దాణా ఎలా ఉందో, గేదె ఈని ఎన్నాళ్ళైందో రాయండి. దాన్నిబట్టి మోతాదులు ఇంకా సరిచూసి చెబుతాను.